ఏ వైద్యుని యొద్దకు?

ధ్యాన భాగములు: మార్కు 5:21–43, యోహాను 9:1–3



ఈ నెల ధ్యానమునకు మేమెంచుకొన్న భాగమును మీరు ఎన్నోసార్లు వినియున్నారు. యాయీరు కుమార్తెకు పండ్రెండేండ్లు. ఆమె యింటికి ప్రభువు పోవుచుండగా త్రోవలో ఆయన వస్త్రమును ముట్టిన స్త్రీ వ్యాధికిని పండ్రెండేండ్లే. ఈ స్త్రీని గూర్చి మార్కు చెప్పిన మాట కొంత కఠినముగా నుండును. ఎందరో వైద్యుల చేతులలో బాధపడి, ఉన్నదంతయు వారికి ధారపోసి, ఆమె ఇంకను క్షీణించినదట. లూకా అదే సంగతి వ్రాయుచు, ఎవరివలనను నయము కాలేదని మాత్రము చెప్పి ఊరకుండెను. లూకా తానును వైద్యుడు గదా, తోటి వైద్యులను నిందించుటకు మనసు రాలేదని సెమినరీలో మా ఉపాధ్యాయులు నవ్వుచు చెప్పెడివారు. మేమును నవ్వితిమి. పోయిన సంవత్సరము కాచిగూడ స్టేషనులో దిగి, ఒక పసిబిడ్డ తల్లిదండ్రులతో కూడ పట్టణములో తిరిగిన తరువాత ఆ నవ్వు మాకు మరల రాలేదు.

ఆ బిడ్డ పాలమూరు వైపు మా పరిచర్యలోని ఒక గ్రామపు సంఘములోనిది. పేరు వ్రాయము. అప్పటికి మూడవ యేడు నడుచుచుండెను. ఆరవ నెల నిండినది మొదలు ముఖము పాలిపోవుచు వచ్చెను. కడుపు ఉబ్బి, ఎడమ వైపున గట్టిగా చేతికి తగులుచుండెను. మన పల్లెలలో దీనిని 'కడుపులో బల్ల' అందురు. పచ్చకామెర్లని ఒకరు పసరు పోసిరి. పురుగులని ఒకరు మాత్రలిచ్చిరి. ఒకచోట రెండు మారులు రక్తమెక్కించి, రక్తము తక్కువని చీటీ వ్రాసి పంపిరి. రక్తమెక్కిన నెల బిడ్డ వాకిట ఆడుకొనెను. మరుసటి నెల మరల చాపమీద పడియుండెను.

ఇందులో మా వంతు ఏమని మీరడుగవచ్చును. జడ్చర్లలో మందుల దుకాణమునుండి ఇనుపధాతువు గల టానిక్కు సీసాలు కొనితెచ్చి యిచ్చినవారము మేమే. రక్తము తక్కువైనవారికి ఇనుము టానిక్కు పట్టవలెనని పూర్వపు మిషను డిస్పెన్సరీల దినములనుండి మన పల్లెలలో పాతుకొన్న మాట. సామాన్యమైన రక్తహీనతకు అది నిజమే. సీసామీద చేయియుంచి ప్రార్థన చేసి, సందేహింపక త్రాగించుమని తల్లికి చెప్పితిమి. నాలుగవ సీసా నాడు ఆమె, "అయ్యగారూ, ఎన్ని తాగించినా గుణం కనబడ్తలేదు" అనెను. విశ్వాసము చాలనందున గుణము కనబడుట లేదని మేమామెను మందలించితిమి. ఆమె తల వంచుకొని సీసా తీసికొనిపోయెను. ఆ బిడ్డకున్న వ్యాధిలో ఇనుము మందు కాదు, కీడే చేయునని మాకు తెలిసినది నాంపల్లికి పోయిన తరువాతనే. ఆమె కన్ను చూచినది నిజము. మేము చెప్పినది తప్పు. దీనిని సంఘము ఎదుట ఒప్పుకొంటిమి, ఇక్కడను ఒప్పుకొనుచున్నాము.

ఇంతలో ఇంటిలో మరియొక మాట పుట్టెను. ఆ దంపతులది మేనరికము. ఎవరు చేసిన పాపమో బిడ్డ మీద పడినదని ముసలమ్మ ప్రార్థన కూటములోనే పైకి అనెను. కోడలు తన సొంత తమ్ముని కూతురే అయినను, ఆ మాట కోడలికే తగిలెను. యోహాను 9వ అధ్యాయములో శిష్యులడిగిన ప్రశ్న ఇదే గదా! పుట్టుగుడ్డివాని చూచి, వీని పాపమా వీని కన్నవారి పాపమా అని వారడిగిరి. రెంటిలో ఏదియు కాదని ప్రభువు చెప్పెను. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పండ్లు పులిసినవను సామెతను ఇక పలుకరాదని యెహెజ్కేలు 18వ అధ్యాయమంతయు చెప్పుచున్నది. వ్యాధి తల్లిదండ్రులనుండి బిడ్డకు వచ్చుట కలదు. అపరాధము అట్లు రాదు. ఈ రెండు మాటలను విడదీయలేక మన యిండ్లలో ఎందరు కోడండ్రు ఏడ్చినారో!

ఒక తెల్లవారుజామున ఆ తల్లియు తండ్రియు మేమును కాచిగూడ పాసింజరు ఎక్కితిమి. షాద్‌నగరు, ఉందానగరు, బుద్వేలు, శివరాంపల్లి, ఫలక్‌నుమా ఒకదాని వెంట ఒకటి వెనుకకు పోయెను. శివరాంపల్లి అను పేరును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు; మేమప్పుడు కిటికీలోనుండి దానిని చూచికూడ చూడలేదు. కాచిగూడ స్టేషను 1916లో నిజాము రైల్వేవారు కట్టించినది. ఆ తెల్లని గుమ్మటముల క్రింద దిగి పట్టణములో వైద్యుని వెదకబోయిన పాలమూరు కుటుంబములకు లెక్కలేదు.

అక్కడనుండి ఆటోలో ఆబిడ్సుకు పోతిమి. వీధిలో ఎటు చూచినను వైద్యుల బోర్డులే. పేరు తరువాత అక్షరములు, అక్షరముల తరువాత అక్షరములు. ఏ అక్షరము మా బిడ్డకు కావలెనో మాకేమి తెలియును? కడుపు ఉబ్బియున్నది గనుక కడుపు డాక్టరు బోర్డు చూచి లోపలికి పోతిమి. ఫీజు కట్టి, ఫొటో తీయించి, మధ్యాహ్నమునకు బయటపడితిమి. ఇది తన పని కాదని ఆయన మరియొకరి పేరు వ్రాసి యిచ్చెను. ఆ రెండవవారును పరీక్షలు వ్రాసి, మందు వ్రాసిరి. ఆ మందులో మరల ఇనుమే యుండెనని తరువాత తెలిసినది. సాయంకాలమునకు తండ్రి చేతిలో తిరుగు ప్రయాణపు పైకము మాత్రము మిగిలెను. మార్కు వ్రాసిన స్త్రీ మా ఎదుటనే ఫుట్‌పాతు మీద కూర్చుండినట్లు మాకు తోచెను.

మరునాడు నాంపల్లి దాటి రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రికి పోతిమి. నిజాము కోడలు నిలోఫర్ పేరున 1953లో వెలసిన పిల్లల ఆసుపత్రి అది. జనసమ్మర్దములో బల్లమీద మా ప్రక్కనే బురఖా వేసికొన్న ఒక తల్లి కూర్చుండెను. ఆమె మన బిడ్డ ముఖమును చాలసేపు చూచెను. నుదురు ముందుకు వచ్చి, చెంపల ఎముకలు ఉబ్బి యుండుట ఆమె కనిపెట్టినది. సగము ఉర్దూలో సగము తెలుగులో, "నెల నెల ఖూన్ ఎక్కిస్తున్నరా అమ్మా? మా పాపకు గూడ ఇదే. రక్తం డాక్టరుకు చూపించున్రి, కడుపు డాక్టరుకు గాదు" అని చెప్పెను. రెండు దినములు అక్షరములు చదివినను మాకు దొరకని త్రోవను ఆమె ఒక్క మాటలో చూపెను. సమరయుని కథను మేము ఇరువది యేండ్లుగా ప్రసంగించుచున్నాము.

లోపల వైద్యురాలు కడుపు తడిమి, ఒకే ప్రశ్న అడిగెను: "మీరిద్దరూ దగ్గరి చుట్టాలా?" ఔననగానే, బిడ్డకు మాత్రమే గాక తల్లికిని తండ్రికిని రక్తపరీక్ష వ్రాసెను. హెచ్.పి.ఎల్.సి. అందురు దానిని. రక్తములోని ఎర్రని పదార్థమైన హిమోగ్లోబినులో ఏ రకము ఎంత యున్నదో అది వేరు చేసి చూపును. బిడ్డకు తలసేమియా, తల్లిదండ్రులిద్దరును దానిని తమకు తెలియకయే మోయుచున్నవారు.

ఆ పేరు వినగానే మాకు సెమినరీలో నేర్చిన గ్రీకు జ్ఞాపకము వచ్చెను. 'తలస్సా' అనగా సముద్రము. 'హైమా' అనగా రక్తము. 1925లో అమెరికాలో కూలీ అను వైద్యుడు ఈ వ్యాధిని వర్ణించినపుడు, రోగులు మధ్యధరా సముద్రతీరమునుండి వచ్చిన కుటుంబముల పిల్లలు. అందుచేత తరువాతివారు ఈ పేరు పెట్టిరి. మార్కు 5వ అధ్యాయమును గ్రీకులో తెరచి చూడుడు, ఈ రెండు మాటలును అందులోనే యున్నవి. యాయీరు వచ్చినపుడు ప్రభువు నిలిచియున్నది తలస్సా ఒడ్డున. ఆ స్త్రీని బాధించినది హైమా.

వ్యాధి సంగతి మాకు తెలిసినంత వరకు చెప్పెదము. ఎర్ర రక్తకణము సామాన్యముగా 120 దినములు బ్రతుకును. ఈ బిడ్డలలో హిమోగ్లోబిను సరిగా తయారు కాదు గనుక కణములు నిలువవు. కాబట్టి రెండు నుండి నాలుగు వారములకొకసారి రక్తమెక్కించవలెను. ఎక్కించిన ప్రతి సీసాతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము లోపలికి పోవును. దానిని బయటకు నెట్టు త్రోవ దేహమునకు లేదు. అది గుండెలోను కాలేయములోను చేరును. ఇనుమును బయటకు తీయు మాత్రలు బిడ్డకు ప్రతిదినము ఇయ్యవలసియుండగా, మేము సీసాలతో ఇనుము పోయించితిమి!

బిడ్డకు దీనిని పూర్తిగా పోగొట్టగలది ఎముక మూలుగ మార్పిడి. అన్నదమ్ములలో గాని అక్కచెల్లెండ్రలో గాని మూలుగ సరిపడినవారుంటే అది మేలుగా జరుగును. మిషనరీ వైద్యురాలు ఐడా స్కడ్డరు 1900లో ప్రారంభించిన వేలూరు ఆసుపత్రిలో ఇది 1986 నుండి జరుగుచున్నది. ఖర్చు పెద్దది, అయితే 2017లో ప్రారంభమైన తలసేమియా బాలసేవా యోజన క్రింద కోల్ ఇండియా సంస్థవారు పది లక్షల వరకు సహాయము చేయుచున్నారు.

మీ యింట ఇట్టి బిడ్డ యున్నయెడల అడుగవలసిన వైద్యుని పేరు 'హెమటాలజిస్టు', అనగా రక్తవ్యాధుల నిపుణుడు. మరల మరల రక్తము తగ్గుచున్న బిడ్డకు రక్తమెక్కించకముందే ఈ పరీక్ష చేయించుట మంచిది, ఎక్కించిన తరువాత ఇచ్చినవారి రక్తము కలిసి ఫలితము చెడును. పాత చీటీలు ఒక్కటియు పారవేయవద్దు. మా బిడ్డ చీటీలలో సగము పొయ్యిలోనికి పోయినవి. ఇక శివరాంపల్లి మాట. 1998లో ఇట్టి బిడ్డల తల్లిదండ్రులును కొందరు వైద్యులును కలిసి స్థాపించిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ, పోలీసు అకాడమీ ఎదుట అక్కడనే యున్నది. రక్తమెక్కించుట, వైద్యులు చూచుట, మందులు, పరీక్షలు ఒక్కచోటనే జరుగును. కాచిగూడకు పోవుచు మేము దాని ప్రక్కనుండియే సాగిపోతిమి. ఎమ్మాయు త్రోవలో ఇద్దరు శిష్యులకు కన్నులు మూయబడినట్లు మాకును మూయబడెను.

ఆదిలాబాదు, భద్రాచలము, విశాఖ మన్యములలోని సహోదరులకు ఇంకొక మాట. అక్కడ ఎక్కువగా కనబడునది సికిల్ సెల్. రక్తకణము గుండ్రముగా ఉండవలసినది కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, కీళ్ళలోను ఎముకలలోను భరింపరాని నొప్పి పుట్టించును. 'వాడు పనిదొంగ' అని మనము పిలిచిన కుర్రవాడు ఈ నొప్పితోనే పడియుండవచ్చును. 2023లో దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక కార్యక్రమము మొదలుపెట్టినది. మీ గ్రామమునకు పరీక్ష చేయువారు వచ్చినపుడు దాగవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టములో ఈ రెండు వ్యాధులును చేర్చబడినవి గనుక సర్టిఫికెట్టు అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇప్పుడు మా సంఘములో తెగని సంగతి. మోయువారు రోగులు కారు. వారు పొలము దున్నుదురు, నీళ్ళు మోయుదురు, నూరేండ్లు బ్రతుకవచ్చును. మోయువారిద్దరు పెండ్లాడినపుడే భయము. అప్పుడు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు వ్యాధి గల బిడ్డ పుట్టవచ్చును. నలుగురిలో ఒకరికి వచ్చెను గనుక మిగిలిన ముగ్గురికి రాదని కాదు. ప్రతిసారియు చీట్లు క్రొత్తగా వేసినట్లే. గర్భములోనే తెలిసికొను పరీక్షయు కలదు. కొంతకాలము నాంపల్లిలోనుండి ఇప్పుడు ఉప్పల్‌లోనున్న డి.ఎన్.ఏ. కేంద్రము వంటి చోట్ల అట్టి పరీక్షలు చేయుదురు. కాని ఆ పరీక్ష తరువాత తల్లిదండ్రుల ఎదుట నిలుచు ప్రశ్న ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు. అంతదూరము రాకముందే తెలిసికొనుట మేలని మా తలంపు. కాబట్టి పెండ్లి ప్రకటన మూడు ఆదివారములు చదువుటకు ముందు వధూవరులిద్దరును ఈ పరీక్ష చేయించుకొనవలెనని సంఘకమిటీలో చెప్పితిమి. ఒక పెద్ద లేచి, "ఆడపిల్ల రక్తంల లోపమున్నదని ఊరంత తెలిస్తే పెండ్లెట్లయితది అయ్యగారూ?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్న. ఫలితమును మేము చూడము, సంఘపు పుస్తకములో వ్రాయము, వారు వారు తెలిసికొందురని జవాబిచ్చితిమి. సగముమంది ఒప్పుకొనిరి. సగముమంది ఇంకను ఒప్పుకొనలేదు. ఆ పెద్ద మాత్రము తన మనుమరాలికి మరుసటి వారమే చడిచప్పుడు లేక పరీక్ష చేయించెను.

ఆ బిడ్డ ఇప్పుడు మూడు వారములకొకసారి రక్తమెక్కించుకొనుచున్నది. వ్యాధి పోలేదు. మా యౌవనస్థులు కొందరు రక్తమిచ్చుటకు పేర్లిచ్చినారు. పదునెనిమిదేండ్లు నిండి ఆరోగ్యముగా నున్న పురుషుడు మూడు నెలలకొకసారియు, స్త్రీ నాలుగు నెలలకొకసారియు ఈయవచ్చును. ముసలమ్మ ఇప్పుడు కోడలిని ఏమియు అనదు. బిడ్డ మాత్రల డబ్బా తన పెట్టెలోనే పెట్టుకొని, ప్రొద్దున తానే లెక్కపెట్టి యిచ్చుచున్నది.

మార్కు ఆ అధ్యాయమును ముగించు తీరు చిత్రమైనది. చనిపోయిన బిడ్డ లేచి నడిచినపుడు ఇంటివారందరు నిశ్చేష్టులై నిలువగా, బిడ్డకు తినుటకేమైన పెట్టుడని ప్రభువు చెప్పెను. నిలోఫర్‌లో రక్తమెక్కిన సాయంకాలము మేము కాచిగూడ ప్లాట్‌ఫారము మీద తిరుగు బండికి ఎదురుచూచుచుంటిమి. ఎన్నో నెలలుగా అన్నమును త్రోసివేయుచున్న ఆ బిడ్డ, ప్రక్కనున్నవారి పొట్లము చూచి, "అమ్మా, ఇడ్లీ" అనెను. తండ్రి లేచి పరుగెత్తెను.