నడిపే కారు, దాచే కారు

వస్తువును మనిషి అనుభవించడానికి కొంటాడా, మరొకరికి అమ్మడానికి కొంటాడా అన్నది చాలా పాత ప్రశ్న. చెప్పును కాలికి తొడుక్కోవచ్చు, దాన్ని ఇచ్చి మరో వస్తువు పుచ్చుకోనూ వచ్చు. అయితే చెప్పు పుట్టింది ఈ రెండో పనికోసం కాదని అరిస్టాటిల్ తన ‘రాజనీతి’లో ఏనాడో గుర్తించాడు. రెండువేల యేళ్లకు పైగా గడిచాక, 1867లో, మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి సంపుటాన్ని సరుకుకున్న ఈ రెండు ముఖాలతోనే ప్రారంభించాడు. ఉపయోగపు విలువ, మారకపు విలువ అనే మాటలు మన విద్యార్థులకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చిన సంగతులను మనం పరీక్షల్లో వాడతాం గాని బతుకులో వాడం.

డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివి, ఇప్పుడు ఇంగ్లండులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. ‘మాస్టారూ, నాలుగేళ్లుగా దాచిన డబ్బుంది. పాత స్పోర్ట్సు కారొకటి కొందామనుకుంటున్నాను. శని ఆదివారాలు నడుపుకుంటాను, పదేళ్ల తర్వాత అమ్మితే లాభమూ వస్తుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఇందులో తప్పేమైనా ఉందంటారా?’ ఇంజన్ల గురించి నన్నడిగేటంత అమాయకుడు కాడతను. తప్పొప్పుల గురించి అడిగాడు. అందుకే జవాబు చెప్పవలసిన బాధ్యత నామీద పడింది.

ఈ ప్రశ్న వినగానే మన మిత్రులలో సగంమంది నవ్వుతారు. కూటికి లేనివాళ్లు కోట్లమంది ఉండగా స్పోర్ట్సు కారు గొడవేమిటి, ఇది నైతిక సమస్యా అంటారు. ఈ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. కాని దీన్ని కడదాకా లాగితే సంగీతం, వీణ, ఫోటో కెమేరా, ఆఖరికి మన త్రైమాసిక పత్రిక కూడా నిలవవు. అభ్యుదయవాదానికీ సన్యాసానికీ సంబంధం లేదు. మనిషి జ్ఞానేంద్రియాలన్నీ కుంచించుకుపోయి, వాటి స్థానంలో ‘నాకున్నది’ అనే ఒకే ఒక భావం మిగలడం ఆస్తి వ్యవస్థ చేసిన పెద్ద నష్టమని యువకుడైన మార్క్సు 1844లోనే రాసుకున్నాడు. ఆ రాతప్రతులు 1932 దాకా పూర్తిగా అచ్చుకాలేదు. మనవాళ్లలో చాలామంది వాటిని ఇప్పటికీ చదివినట్టు లేరు. మలుపు తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు ఒరగడం, గేరు మారినప్పుడు ఇంజను గొంతు మారడం, చేతిలో ఉన్న చక్రం ద్వారా రోడ్డు గరుకు తెలియడం – ఇవి ఇంద్రియానుభవాలే. యంత్రాన్ని మనిషి చేశాడు. దానితో మనిషి ఆనందిస్తే సిగ్గుపడవలసిన పనిలేదు.

శని ఆదివారాల మాటకు వస్తే, అవి కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో చికాగో కార్మికులు ఏం చెల్లించారో మనకు తెలుసు. 1926లో హెన్రీ ఫోర్డు తన కర్మాగారాల్లో వారానికి ఐదు రోజుల పని ప్రవేశపెట్టినప్పుడు, తీరిక లేనివాడికి కారు అవసరం రాదన్న సంగతిని అతను దాచుకోలేదు. అంటే వారాంతమూ కారూ పుట్టుక నుంచీ చుట్టాలే. కార్మికుడు పోరాడి సాధించుకున్న తీరికను పెట్టుబడిదారు తన సరుకుకు సంతగా చూశాడు. చూశాడు గాని, ఆ రెండు రోజులూ మాత్రం కార్మికుడివే. ఆ రోజుల్లో అతను ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు. నా విద్యార్థి ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ఇక్కడే ఉంది. లెక్క చెప్పనక్కరలేని ఆ రెండు రోజులకు అతను తనంతట తానే లెక్క తెరుస్తున్నాడు.

అది ఎలా జరుగుతుందో వివరంగా చూడాలి. మామూలు కారు కొన్న రోజునుంచే ధర తగ్గుతూ పోతుంది. దాన్ని ఎవరూ ఆస్తి అనుకోరు. బ్రిటన్ పన్నుల చట్టం కూడా కారును తరిగిపోయే వస్తువుగానే భావించి, దాన్ని అమ్మితే వచ్చే లాభంమీద పన్ను మినహాయించింది. లాభం రావడం అసాధ్యమనుకుని ఇచ్చిన మినహాయింపు, లాభం వచ్చేవాళ్లకు వరమైంది. ఎందుకంటే కొన్ని రకాల కార్లు కొంతకాలం తగ్గి, ఒకచోట ఆగి, మళ్లీ పైకి ఎక్కుతాయి. ఆ ఆగేచోటు కనిపెట్టి కొనాలన్నదే ఈ వ్యవహారంలో మెలకువంతా.

పోర్షే 911 సంగతి తీసుకోండి. ఈ కారు 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో మొదట కనిపించింది. 1998 దాకా గాలితో చల్లబడే ఇంజనుతో వచ్చింది. ఆ తర్వాత నీటితో చల్లబడే ఇంజను దాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమించింది. గాలి ఇంజను చివరి తరాన్ని 993 అనీ, నీటి ఇంజను మొదటి తరాన్ని 996 అనీ కర్మాగారపు అంకెలతో పిలుస్తారు. మామూలు 993కు 272 నుంచి 285 దాకా అశ్వశక్తి. దాని తర్వాత వచ్చిన 996కు 300. లోపల చోటు కూడా కొత్తదానిలోనే ఎక్కువ. అయినా నేటి సెకండ్‌హ్యాండు మార్కెట్టులో పాతది కొత్తదానికన్న కొన్ని రెట్లు ఎక్కువ ధర పలుకుతుంది. 996కు తనదైన జబ్బొకటి ఉంది, దాని దీపాల ఆకారం చాలామందికి నచ్చలేదు. అవి కొంత కారణం. అసలు కారణం, 993 ఆఖరిది. అటువంటివి ఇక పుట్టవు. నడిపేవాడికి ఇంజను చివరిదా మొదటిదా అన్నది చక్రం దగ్గర తెలియదు, అమ్మేటప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు 993 కొన్నవాడి ఆదివారం ఊహించండి. బయట ఎండ కాస్తున్నది. సముద్రం ఒడ్డుదాకా వెళ్లి రావాలనుంది. వెళ్లి వస్తే నూరు మైళ్లు. తక్కువ మైళ్లు తిరిగిన కారుకే ఎక్కువ ధర గనుక, ఆ నూరు మైళ్లూ ఆస్తిలోంచి తీసివేతలు. ఇటువంటి కార్లకు ఇచ్చే బీమా చాలావరకు ఏడాదికి ఇన్ని మైళ్లేనని హద్దు పెడుతుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఉప్పు ఇనుమును తింటుంది, కనుక ఆ నెలల్లో బయటికి తీయకూడదు. వానలో వద్దు. దుకాణం ముందు నిలిపితే పక్క కారు తలుపు తగలవచ్చు. రంగు ఒరిజినలు కావాలి, ఇంజను మీది అంకె కర్మాగారపు పుస్తకంలోని అంకెతో సరిపోవాలి. క్రమంగా అతను యజమాని అన్న మాట మిగిలి, పని మాత్రం కావలివాడిదవుతుంది. జీతం లేని కావలి, పైగా శని ఆదివారాలు.

ఇక్కడ యంత్రం తన పగ తాను తీర్చుకుంటుంది. నడపకుండా నిలబెట్టిన కారు దాచిన బంగారంలా ఉండదు. ట్యాంకులో పెట్రోలు చెడుతుంది. బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి. చమురును ఆపే రబ్బరు బిగింపులు ఎండి బీటలు వారతాయి. టైర్లు అరగకుండానే ముసలివవుతాయి. నడిపితే ధర పోతుంది, నడపకపోతే కారు పోతుంది. మారకపు విలువ ఎంత గొప్పదైనా అది ఉపయోగపు విలువ భుజాలమీదే కూర్చోవాలన్న సంగతిని పుస్తకాలకన్న రబ్బరు బాగా బోధిస్తుంది.

ఈ ధోరణి చివరకు ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలంటే పైమెట్టు చూడాలి. ఫెరారీ 250 జి.టి.ఓ. అనే పందెపు కారును 1962–64 మధ్య 36 మాత్రమే చేశారు. అమెరికాలో కొత్తప్పుడు దాని వెల సుమారు 18,000 డాలర్లు. వాటిలో ఒకటి 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. 1955లో మెర్సిడెస్ వారు రెండంటే రెండే చేసిన 300 ఎస్.ఎల్.ఆర్. మూత కార్లలో ఒకటి 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికింది. విచిత్రమేమంటే, ఇంగ్లండులో గుడ్‌వుడ్ పందేలలో కొందరు ధనవంతులు జి.టి.ఓ.లను నిజంగానే పరుగెత్తిస్తారు. గుద్దుకుంటే బాగు చేయించుకుంటారు. నష్టం లెక్కలేనంత డబ్బున్నవాడు నిర్భయంగా నడుపుతాడు. ఏ విలువా లేని డొక్కు కారున్నవాడూ నిర్భయంగానే నడుపుతాడు. భయమంతా మధ్యలో ఉన్నవాడిది. నడపలేనివాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఎ.సి. కోబ్రా అనే కారు అసలువి సుమారు వెయ్యి. నకళ్లు వాటికి ఎన్నో రెట్లు. మన ఇళ్లలో కాసులపేరు బ్యాంకు లాకరులో ఉండగా పెళ్లికి రోల్డుగోల్డు పెట్టుకుపోయే ఇల్లాలికి ఈ ఉపాయం కొత్త కాదు.

పెరిగిన ధర ఎక్కడినుంచి వస్తుందని అడగవలసి ఉంది. కారు కొట్టంలో ఉన్న పదేళ్లలో దానిలోకి కొత్త శ్రమ చేరింది మెకానిక్కు చేతుల్లోంచి మాత్రమే. అతని కూలి అతనికి ముట్టింది, లాభంలో వాటా ముట్టలేదు. మిగిలినదంతా ఇతరుల చేతిలో దిక్కుతోచక తిరిగే డబ్బు. 2008 సంక్షోభం తర్వాత వడ్డీలు అడుగంటినప్పుడు ఆ డబ్బు సారాయి సీసాలలోకీ, చేతిగడియారాలలోకీ, పాత కార్లలోకీ ప్రవహించింది. వచ్చిన డబ్బు పోనూ పోతుంది. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాక ఆయన పేరున్న కార్లకోసం తొక్కిసలాట జరిగి ధరలు ఆకాశానికి ఎగిరాయి. 1990 తర్వాత కూలాయి. కార్లు మారలేదు. ఆఖరున కొన్నవాళ్లు మునిగారు. ఈ వ్యాపారంలో నా లాభం నా తర్వాత కొనేవాడి ఆశమీద ఆధారపడి ఉంది, వాడి లాభం మరొకడి ఆశమీద. ఈ వరసలో ఎక్కడా కారు నడిపేవాడు అవసరం లేదు.

అయితే నా విద్యార్థిని దురాశాపరుడని తీసిపారేస్తే అన్యాయమవుతుంది. అతని ఉద్యోగంతో అతని వీసా ముడిపడి ఉంది; ఉద్యోగం పోతే ఆ దేశంలో కాలు నిలవదు. ఇల్లు కొనే స్తోమతు లేదు. ఇటువంటి మనిషి చేతిలో ఉన్న ప్రతి వస్తువునూ రేపటి కష్టానికి తాకట్టుగా చూడడం భయం వల్ల జరుగుతుంది. మరో కారణం కూడా ఉంది, ఇది నాకు మరింత బాధాకరం. నాలుగేళ్ల పొదుపును ఆనందంకోసం ఖర్చుపెడుతున్నానని తండ్రితో అనలేడు, తనతో తాను కూడా అనలేడు. పెట్టుబడి అంటే అందరూ తల ఊపుతారు. పూర్వం భోగానికి దైవప్రసాదమనే ముసుగు వేసేవాళ్లు, ఇప్పుడు పెట్టుబడి అనే ముసుగు వేస్తున్నారు. సంతోషం సంతోషంగా బయటికి రావడానికి వీల్లేని సమాజం, దుబారాను నిందించే హక్కు తనకున్నదనుకుంటుంది!

నేనతనికి రాసింది ఇది: డబ్బు దాచుకోవలసి ఉంటే దాచుకో, అందుకు బ్యాంకులున్నాయి. కారు కావలసి ఉంటే, పోయినా నిద్రపట్టేటంత డబ్బుకు కొనుక్కో, పోయిన డబ్బును ఖర్చు అని పిలువు. ఇప్పటికే లక్ష మైళ్లు తిరిగిన కారైతే నూట ఒకటో వెయ్యి దాన్ని చెరపదు. 1989 నుంచి వస్తున్న మాజ్డా ఎం.ఎక్స్.5ను 2016 నాటికే పది లక్షలు చేశారు. అది టన్ను బరువుండే చిన్న కారు, మలుపుల దగ్గర పిల్లిలా తిరుగుతుందని నడిపినవాళ్లంతా చెబుతారు.

పాతదే కావాలనుకునేవాళ్లకు ఇంగ్లండులోనే ఎం.జి.బి. ఉంది. 1962 నుంచి 1980 దాకా అబింగ్‌డన్ పట్టణపు కార్మికులు వీటిని ఐదు లక్షలకు పైగా తయారుచేశారు. అన్ని పుట్టినందువల్ల అరుదనే గౌరవం దానికి దక్కలేదు, గొప్ప ధరా రాలేదు. ధర రాలేదు గనుక జనం దాన్ని నడిపారు, నడిపారు గనుక విడిభాగాలకు గిరాకీ నిలిచింది. 1988 నుంచి దాని శరీరాన్ని కూడా కొత్తగా పోతపోసినట్టు చేసి అమ్ముతున్నారు. పెట్టుబడి కళ్లకు ఏవి లోపాలో – చాలా ఉండడం, తేలిగ్గా బాగుచేయగలగడం, ఒక భాగం పోతే మరొకటి దొరకడం – అవే ఆ కారును బతికించాయి. అబింగ్‌డన్ ఫ్యాక్టరీని 1980 అక్టోబరులో మూసేశారు. అక్కడ పనిచేసినవాళ్లు ఉద్యోగాలు పోయి చెల్లాచెదురయ్యారు. వాళ్లు బిగించిన మరలు వేరేవాళ్ల గరాజుల్లో, వారాంతాల్లో, ఇంకా విప్పి బిగిస్తూనే ఉన్నారు.