సీటు వచ్చింది, ఇక లెక్క రాసుకో

అమ్మడూ,

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గొంతులో సంతోషం పొంగుతోంది కానీ, దాని వెనకాలే బెంగ కూడా వినబడింది నాకు. "గవర్నమెంటు యూనివర్సిటీయే కదక్కా, ఫీజు ఎంతో ఉండదులే" అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి తనకి తాను సర్ది చెప్పుకున్నట్టు అనిపించింది.

వాడన్నది నిజమే, రెగ్యులర్ సీటుకి ఫీజు తక్కువే. కానీ ఫీజు వేరు, చదువుకయ్యే ఖర్చు వేరు. నా ఉద్యోగమంతా ఒక యూనివర్సిటీ హాస్టల్ లెక్కల సెక్షన్‌లోనే గడిచిందని నీకు తెలుసు. ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్లల్ని నేను పెద్దగా చూడలేదు. మెస్ బకాయి పేరుకుపోయి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, పరీక్షల ముందు మా కిటికీ దగ్గరికొచ్చి తలొంచుకుని నిలబడిన పిల్లల్ని మాత్రం ఏటా చూశాను. వాళ్ళలో చాలామంది బాగా చదివేవాళ్ళే. మొదటి నెలలోనే ఎవరైనా పక్కన కూర్చుని లెక్క రాయించి ఉంటే అంతదాకా వచ్చేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు సీటు ఏ రకమో రూఢి చేసుకో. కౌన్సెలింగ్‌లో వచ్చిన రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్సా అన్నది అలాట్‌మెంట్ కాగితంలోనే ఉంటుంది. ఒకే డిపార్ట్‌మెంటు, ఒకే ల్యాబు, ఒకే మేష్టారు అయినా ఈ రెండిటికీ ఫీజు తేడా చాలా ఉంటుంది. స్పాట్ అడ్మిషన్లో గానీ మేనేజ్‌మెంట్ కోటాలో గానీ చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మంచి బ్రాంచి దొరుకుతోందని ఎవరో చెబితే, చేతిలో ఉన్న సీటు వదిలేసి స్పాట్‌కి మాత్రం పరిగెత్తకు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి ప్రైవేటు కాలేజీల్లో పీజీలో చేరినవాళ్ళకి రీయింబర్స్‌మెంట్ ఆపేసినప్పుడు కూడా యూనివర్సిటీ పీజీలకి ఆపలేదు. నీ సీటు విలువలో అదీ ఒక భాగమే.

ఇప్పుడు మెస్ సంగతి. నా ఉద్యోగం దీనిమీదే నడిచింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు. చాలా యూనివర్సిటీ హాస్టళ్ళలో మెస్ నడిచేది డివైడింగ్ సిస్టమ్ మీద. ఆ నెల బియ్యం, పప్పులు, కూరలు, నూనె, గ్యాసు, ఇంకా ఆ హాస్టల్ పద్ధతిని బట్టి మెస్ మీద వేసే మిగతా ఖర్చులు అన్నీ కూడతారు. ఆ మొత్తాన్ని అమ్మాయిలందరూ కలిసి తిన్న రోజులతో భాగిస్తారు. ఉదాహరణకి 200 మంది తలా 25 రోజులు తిన్నారనుకో, 5,000 రోజులు. ఖర్చు 6 లక్షలు అయితే రోజుకి 120 పడుతుంది. నువ్వు 26 రోజులు ఉంటే నీ బిల్లు 3,120. సంక్రాంతి నెలలో సగం మంది ఊళ్ళకి పోతారు, తిన్న రోజులు 3,000కి పడిపోతాయి. కానీ ఖర్చు ఆ లెక్కన పడిపోదు. వంటశాల నడవాలి, పొయ్యి వెలగాలి. ఖర్చు 4,20,000 దగ్గర ఆగితే రోజు రేటు 140కి ఎక్కుతుంది. ఊరికి వెళ్ళాను కదా, బిల్లు సగమే వస్తుందనుకున్న పిల్ల నోటీసు బోర్డు ముందు నిలబడి ఖంగు తినేది ఇక్కడే.

దీనికి తోడు రిడక్షన్ అని ఒకటుంది. ఊరెళ్ళే ముందు రిజిస్టర్లో రాసి, ఇన్ని రోజులు వరసగా లేకపోతేనే ఆ రోజులు తీసేస్తారు. ఎన్ని రోజులు, ఎంత ముందు చెప్పాలి అన్నది హాస్టల్ని బట్టి మారుతుంది. చేరిన రోజే అడిగి తెలుసుకో. చెప్పకుండా ఊరెళితే తినని అన్నానికి డబ్బు కడతావు.

నెలకి 3,120 అనుకుంటే పది నెలలకి 31,200. హాస్టల్ ఖర్చులకి ప్రభుత్వం వసతి దీవెన పేరుతో డబ్బు ఇచ్చిన రోజుల్లో డిగ్రీ, ఆపై చదువులకి ఏడాదికి 20,000 వచ్చేది, అదీ రెండు విడతలుగా. ఇప్పుడూ అంతే వస్తుందనుకున్నా 11,200 తేడా ఉంది చూశావా, అది మీ నాన్న చేతిలోంచి రావాలి. పైగా ఆ 20,000 ఎప్పుడు వస్తుందన్నది ఇంకో ప్రశ్న. బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది.

అమ్మడూ, ఈ ఉత్తరంలో నీకు గుర్తుండాల్సింది ఏదైనా ఉందంటే ఇదే. ఎంత ఖర్చవుతుంది అన్నది ఎంత ముఖ్యమో, ఆ డబ్బు ఏ నెలలో కావాలి అన్నదీ అంతే ముఖ్యం. రావలసిన డబ్బుని వచ్చిన డబ్బుగా ఎప్పుడూ రాసుకోకు. ఒక పెద్ద కాగితం తీసుకుని పన్నెండు నెలలకి పన్నెండు గడులు గియ్యి. ప్రతి గడిలో ఆ నెల కట్టవలసింది రాయి, పక్కన ఆ నెలకి చేతిలో ఉండేది రాయి. స్కాలర్‌షిప్ పడిన రోజున పడిన నెలలోనే రాయి, ముందు కాదు. అలా రాస్తే ఏ నెలలో ఇబ్బంది పడతారో ఇప్పుడే కనబడుతుంది. నా అంచనా ప్రకారం మొదటి మూడు నెలలే కష్టం, ఎందుకంటే అడ్మిషన్ ఫీజు, డిపాజిట్లు, పుస్తకాలు అన్నీ అప్పుడే మీద పడతాయి.

రీయింబర్స్‌మెంట్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు జాగ్రత్త. పథకాల పేర్లు ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతుంటాయి. లోపల ఉన్నవి రెండే, ట్యూషన్ ఫీజుకి ఆర్‌టీఎఫ్, భోజన వసతికి ఎంటీఎఫ్. ఆర్‌టీఎఫ్‌ని విద్యా దీవెన పేరుతో ఇచ్చినప్పటి నిబంధనల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదని, హాజరు 75 శాతం ఉండాలని ఉండేది. ఒకప్పుడు ఈ డబ్బు కాలేజీ ఖాతాకి వెళ్ళేది, తర్వాత తల్లి ఖాతాకి, ఆ తర్వాత తల్లీబిడ్డల జాయింటు ఖాతాకి వేశారు. నీ ఏడాదికి ఎవరి ఖాతాలో వేస్తారో డిపార్ట్‌మెంటు ఆఫీసులో కనుక్కో. ఇంట్లోవాళ్ళ ఖాతాలో పడితే అది చదువు డబ్బని, ఎరువుల కొట్టు బాకీకి వాడకూడదని మీ నాన్నకి నువ్వే గట్టిగా చెప్పు. నీ మాట వింటాడు.

చిన్న ఖర్చులు చాలా ఉన్నాయి. సెమిస్టర్‌కోసారి పరీక్ష ఫీజు, తేదీ దాటితే ఫైను. ల్యాబ్ కోటు, రికార్డులు. నీ డిగ్రీ వేరే యూనివర్సిటీది కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్. ఆఖరి సెమిస్టర్లో ప్రాజెక్టు ప్రింటు, బైండింగు. నెట్, గేట్ రాస్తావు కదా, వాటి ఫీజులు. ఒక్కొక్కటీ చిన్నదే, వేటికీ ఇంట్లో ముందు అనుకుని ఉండరు. వీటన్నిటికీ కలిపి ప్రతి నెల గడిలో కొంత విడిగా పెట్టు.

హాస్టల్ సీటు అడ్మిషన్ రోజునే ఇచ్చేస్తారని అనుకోకు. అలాట్‌మెంట్ అయ్యేదాకా కొన్ని వారాలు బయట లేడీస్ హాస్టల్లో ఉండవలసి రావచ్చు. అక్కడ అడ్వాన్సు అడుగుతారు. తిరిగి ఇచ్చేదా, నెల అద్దెలో పట్టుకునేదా అడిగి, కాగితం మీద రాయించుకో. యూనివర్సిటీలో కట్టే కాషన్ డిపాజిట్ మాత్రం నీ డబ్బే. చదువు అయిపోయాక నో డ్యూస్ సంతకాలన్నీ అయ్యాక అడిగితే తిరిగిస్తారు. రసీదు పారేసి, సిగ్గుపడి, అడగకుండా వెళ్ళిపోయిన పిల్లల డబ్బు మా ఖాతాల్లో ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండేది. రసీదులన్నీ ఒక కవర్లో పెట్టు, ఫోన్లో ఫోటో కూడా తీసి ఉంచు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లిస్టు ఇంకా రావాలన్నావు. అక్కడ కూడా వస్తే ఇక్కడ కట్టింది పోతుందని భయపడకు. యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధన ప్రకారం అడ్మిషన్లకి ప్రకటించిన ఆఖరి తేదీకి 15 రోజులో అంతకన్నా ముందో మానుకుంటే ఫీజు దాదాపు మొత్తం తిరిగివ్వాలి, తర్వాత రోజులు గడిచేకొద్దీ వాటా తగ్గుతుంది, ఆఖరి తేదీ తర్వాత 30 రోజులు దాటితే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర ఉంచుకోకూడదని కూడా అందులోనే ఉంది. చూపించి వెనక్కి తీసుకో. నిర్ణయం మాత్రం తొందరగా తీసుకో.

ఇంకో ఖర్చు ఉంది, అది ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు. ఈ ఏడాదంతా సాయంత్రాలు మీ వీధిలోని పిల్లలకి ట్యూషన్ చెప్పి నువ్వు తెచ్చిన డబ్బుతోనే మీ ఇంట్లో పాలు, గ్యాసు గడుస్తున్నాయి. నువ్వు వెళ్ళగానే అది ఆగిపోతుంది. మీ అమ్మ పైకి అనదు. వెళ్ళేముందు ఒకసారి కూర్చుని, ఆ లోటు ఎలా పూడ్చాలో ముగ్గురూ మాట్లాడుకోండి. ఆ మాట ఇప్పుడే అయిపోతే రేపు హాస్టల్లో నీ మనసు స్థిమితంగా ఉంటుంది.

అప్పు గురించి. వడ్డీ వ్యాపారి దగ్గరికి మీ నాన్నని వెళ్ళనివ్వకు. బ్యాంకుల విద్యారుణం ఉంది, 4 లక్షల లోపు అయితే తనఖా అడగరు, హాస్టల్ ఖర్చు, పుస్తకాలు కూడా అందులో కలుస్తాయి. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్ని బట్టి ఎంచిన సంస్థల్లో చేరినవాళ్ళకి తనఖా, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు అయితే, 10 లక్షల వరకూ అప్పు మీద చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. అయితే ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఆ వడ్డీ రాయితీ రాదు, కాబట్టి రెండిట్లో ఏది మేలో లెక్క వేసుకో. నీకు ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ వస్తే అవే మేలని నా అభిప్రాయం. అప్పు తీసుకున్నా లోటు మేరకే తీసుకో. మొదటి రోజే లక్ష తీసుకున్నావనుకో, 10 శాతం చొప్పున రెండేళ్ళ చదువు, ఆపైన ఏడాది గడువు కలిసి మూడేళ్ళకి వడ్డీయే 30,000 అవుతుంది. ఏ సెమిస్టర్‌కి కావలసింది ఆ సెమిస్టర్‌కే విడుదల చేయించుకుంటే అంత కాదు.

ఇదంతా విని నీ చదువు ఇంటికి భారమని మాత్రం అనుకోకు తల్లీ. నువ్వు కట్టే ఫీజు ఆ చదువు అసలు ఖర్చులో కొంతే. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు దానికి ఇచ్చేవాడు, ఆ రోజుల్లో లక్ష అంటే ఊహించుకో. సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా జీతాలు, ల్యాబులు నడిచింది ప్రజలు కట్టిన పన్నులతో. మీ నాన్న పురుగుమందు డబ్బా కొన్నప్పుడల్లా కట్టిన పన్నూ అందులో ఉంది. అందుకని అక్కడ రాయితీ అడగడానికీ, రసీదు అడగడానికీ మొహమాటపడకు. లైబ్రరీ, ల్యాబు, డిస్పెన్సరీ వేళలు కనుక్కుని నిండుగా వాడుకో. నీలాంటి పిల్లల కోసమే పెట్టారు వాటిని.

ఆఖరుగా ఒకటి, ఇది అత్త మాటగా కాదు, ఆజ్ఞగా తీసుకో. బిల్లు తగ్గుతుందని భోజనం మానెయ్యకు. పొద్దున టిఫిన్ ఎగ్గొట్టి, మధ్యాహ్నం టీ తాగి, ల్యాబులో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లని నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆమె మిగుల్చుకున్నదానికంటే అక్కడ మందులకే ఎక్కువ అయింది. లోటు పడితే నెల మొదట్లోనే నాకు ఫోన్ చెయ్యి, పరీక్షల ముందు దాకా ఆగకు.

ఈ వారంలోనే మీ నాన్నతో మీ ఊరి సచివాలయానికి వెళ్ళి ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టు. ఆధార్లో, పదో తరగతి మార్కుల జాబితాలో నీ పేరు ఒకేలా ఉందో లేదో చూడు, ఇంటిపేరు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడాకి దరఖాస్తులు ఆగిపోతాయి. మొదటి మూడు నెలల మెస్ డబ్బు నేను వేస్తాను. మీ నాన్న ముందు వద్దన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. నీ బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రేపు పంపు.

మీ అత్త