సంతకము లేని సాక్ష్యము

వ్రాసినవారి చేవ్రాలు లేని వైద్యనివేదికను ప్రమాణముగా గొని యొక రోగి జీవనభృతిని నిలిపివేయవచ్చునా? బ్రిటను దేశమున అశక్తుల భృతులను గూర్చిన అప్పీళ్లను విచారించు ట్రిబ్యునళ్లయెదుట నిలుచు ప్రశ్న యిది. పైకిది కాగితపు లోపమువలె దోచును. కాని సాక్ష్యమునకు అధికార మెక్కడనుండి వచ్చుననునదే దీనిలోని యసలు విషయము.

ఆ దేశమున 2008వ సంవత్సరమున పనిచేయు సామర్థ్యమును నిర్ణయించుటకు నూతనపరీక్ష యొకటి ప్రవేశపెట్టబడినది. ప్రభుత్వముతో ఒడంబడిక గల కంపెనీ నియమించిన వైద్యుడో, నర్సో, ఫిజియోథెరపిస్టో రోగిని విచారించి, నడచుట, నిలుచుట, కూర్చుండుట, చేయి చాచుట మొదలగు పనులలో ఆతని స్థితిని గూర్చి నివేదిక వ్రాయును. మార్కులు వేయునది శక్తికి గాదు, అశక్తతకు. సామాన్యముగా 15 మార్కులు రానిదే భృతి లేదు. నివేదిక కంప్యూటరుపై సిద్ధమగుటచే సిరాతో చేసిన సంతకము దానిపై నుండకపోవచ్చును. భృతిని నిర్ణయించు నుద్యోగి ఆ పరీక్షను కన్నులార చూచినవాడు కాడు. ఆతనికి కాగితమే కన్ను.

అట్టి కాగితమును చూడకయే త్రోసివేయవలెనందుమా? అది తొందరపాటు. 2008వ సంవత్సరపు ట్రిబ్యునలు నియమములు సివిలు కోర్టులలో చెల్లని సాక్ష్యమును సైతము స్వీకరించుటకు అధికార మిచ్చినవి. ఈ యుదారత వలన బీదలకే యెక్కువ మేలు. వకీలును పెట్టుకొనలేని రోగి తెచ్చునది పొరుగువారి యుత్తరమో, డాక్టరు వ్రాసిన చిన్న చీటియో. సంతకము లేని ప్రతి కాగితమును పాఱవేయుదమన్నచో ముందుగా పోవునవి యవియే. కావున ద్వారము తెఱచియే యుండవలెను. కాని స్వీకరించుట వేఱు, విశ్వసించుట వేఱు.

మన నైయాయికులు శబ్దమును ప్రమాణముగా నంగీకరించిరి. అయితే అది ఆప్తుని వాక్యమై యుండవలెననిరి. ఆప్తుడనగా విషయమును ఉన్నదున్నట్లెఱిగి చెప్పువాడు. వక్త యెవరో తెలియనిచో ఆతడు ఆప్తుడగునో కాదో యెట్లు తేల్చగలము? మీమాంసకులు వేదమునకు కర్త లేడనియు, కర్త లేనందున కర్తృదోషములును లేవనియు వాదించిరి. ఆ వాద మీ నివేదికకు చెల్లదు. దీనికి కర్త కలడు, కానరాకున్నాడు, అంతియే. కర్త మఱుగున నుండుటచే దోషములు తొలగవు. వానిని పట్టుకొను నుపాయము మాత్రము తొలగును.

సంతకమున్నచో సత్యముండునా యని యడుగవచ్చును. ఉండదు. శ్రద్ధ లేక వ్రాసిన నివేదిక క్రిందను చక్కని సంతకముండవచ్చును. సంతకము సత్యమునకు గుర్తు కాదు, జవాబుదారీకి గుర్తు. కావున మన మడుగవలసినది సిరాను గూర్చి కాదు. వ్రాసినవారెవరు? వారి యర్హత యేమి? రోగిని ఏనాడు, ఎంతసేపు చూచిరి? సందేహము గలిగినచో వారిని అడుగ వీలున్నదా? వీనికి దస్త్రములో సమాధానమున్నయెడల చేవ్రాలు లేమి స్వల్పలోపము. లేనియెడల, ట్రిబ్యునలుముందు కూర్చుండి అడిగినదానికెల్ల బదులు చెప్పు రోగిమాటకే బరువెక్కువ కావలెను. ప్రశ్నలకు నిలిచినవానిని నమ్మక, ప్రశ్నలకు అందనివానిని నమ్ముట న్యాయము గాదు. రోగి తెచ్చిన కాగితములను తూచుటకును ఈ తక్కెడయే యుండవలెను.

ఆకాశరామన్న యుత్తరమును నమ్మి కుదిరిన పెండ్లిని చెడగొట్టుకొన్న కుటుంబములు మనలో లేకపోలేదు. ఈ నివేదిక యట్టిది కాదు. దీనిని వ్రాసినవారు నియమితులు, వారి పేరు ఏ దస్త్రములోనో యుండును. కాని ఆ పేరు రోగికి అందనంతకాలము ఆతని దృష్టిలో రెంటికిని భేదము లేదు. ఒకని కూటిని తీయు మాటకు, ఆ మాట నాదియేయని చెప్పుకొను మనిషి యొకడుండవలెను.