కొన్నవాని వంతు

"దొంగిలించినవానిది తప్పు, రొక్కమిచ్చి కొన్నవానికి దోషమేమి?" అను వాదన అంగళ్లలో అప్పుడప్పుడు వినబడుచుండును. ఈ ప్రశ్నను ఒక చిన్న ముళ్లమొక్కను ముందుంచుకొని విచారింపదలచితిని.

మన పొలముగట్లమీది నాగజెముడు కుటుంబమునకు చెందినదే కోపియాపోవా. దాని స్వస్థలము దక్షిణ అమెరికాలో చిలీ దేశపు అటకామా ఎడారి తీరము. అచ్చట వాన కురియని ఏండ్లును గలవు. సముద్రముమీదినుండి వచ్చు పొగమంచే దానికి ఆధారము. అందుచేత ఎదుగుదల కడు మెల్లన. కొన్ని మొక్కలు నూరేండ్లు దాటియు బ్రతుకును.

2020లో ఇటలీ పోలీసులు, ఎడారినుండి దొంగతనముగా పెకలించి తెచ్చిన ఇట్టి మొక్కలను వెయ్యికి పైగా ఒకచోట పట్టుకొనిరి. వాని వెల పది లక్షల డాలర్లకు పైమాటయని అంచనా. 2021లో 844 మొక్కలను చిలీకి తిరిగి పంపిరి. కోపియాపోవా రకములలో నూటికి 82 నశించు ప్రమాదములో నున్నవని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2024లో ప్రకటించెను. 2013లో ఆ లెక్క 55 మాత్రమే. ఈ చాటుమాటు బేరము అందుకు ఒక ముఖ్య కారణము.

విత్తనము వేసి పెంచిన పిల్లమొక్కలు న్యాయముగానే దొరకును. అయినను కొందరు ఎండకు, గాలికి ముదిరిన ఎడారి మొక్కనే కోరుదురు. అనగా వారు కొనునది మొక్కను గాదు, దాని ఏండ్లను. ఆ ఏండ్లు అమ్మువాని సొత్తు కావు. బియ్యము అమ్ముడైన మరుసటి పంటకు మరల వచ్చును. ఇది అట్లు రాదు. లాభము తినుట వేరు, అసలు తినుట వేరు. ఇచ్చట తినునది పరుల అసలు.

"నేను త్రవ్వలేదు గదా" యని కొన్నవాడనును. కొనువాడున్నాడనియే గదా త్రవ్వువాడు గునపము పట్టినది! దొంగసొమ్ము కొనుటయు అచౌర్య వ్రతమునకు దోషమేయని మన పెద్దలు ఏనాడో చెప్పిరి.

నేను కొత్తగా దుకాణము పెట్టిన రోజులలో బిల్లు లేని సరుకు చవకగా వచ్చినది. కొంటిని. ఎక్కడిదని అడుగలేదు. అనుమానము లేక గాదు; అడిగిన, వాడు నిజము చెప్పునేమోయని భయము. "తెలియదు" అనుటకును "తెలిసికొనలేదు" అనుటకును గల భేదము నాకు ఆనాడే తెలిసినది. సరుకు అమ్ముడైనది, లాభము ఖాతాకెక్కినది. ప్రతి దీపావళికి కొత్త పుస్తకము తెరచుచునే యున్నాను. ఆ పాత పద్దు మాత్రము మనసునుండి చెరగలేదు.

"నేను కొనకున్న మరొకడు కొనడా?" కొనవచ్చును. ఆ పద్దు అతని పుస్తకములో పడును.

మన పిల్లలు నేడు కిటికీలలో పెట్టుకొనుటకు ముళ్లమొక్కలు కొనుచున్నారు. సంతోషమే. ధర అడుగుటకు ముందు "ఇది ఎక్కడిది?" అని అడుగుట వారికి నేర్పుదము. బదులు చెప్పుటకు అమ్మువాడు నసిగినచో, ఎంత చవకయైనను ఆ బేరము విడిచి వత్తురుగాక.