తీరని తీర్పు

చర్ల సంతలో ఒక ముసలాయన నా చేతిలో ఓ కాగితం పెట్టాడు. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగులు. వాన తగలకుండా ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఊసూరు వైపు నుంచి సల్వాజుడుం రోజుల్లో అడవి దాటి వచ్చిన గుత్తికోయ ఆదివాసీ. "ఇందులో ఏముంది బాబూ?" అన్నాడు. గుడిసెలు ఖాళీ చేయమని ఉంది. పైకి చదవడానికి నాకు నోరు రాలేదు.

ఆయన గురించే ఈ దేశంలో ఇంకో ఆదేశం ఉంది. అది ఆయనదాకా రాలేదు. మావోయిస్టులను ఎదుర్కోవడానికంటూ ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం 2005 జూన్‌లో కుట్రు ప్రాంతంలో మొదలైంది. అయిదో తరగతి దాటితే గొప్ప అన్నట్టున్న ఆదివాసీ కుర్రాళ్లకు నెలకు 3,000 రూపాయలిచ్చి, ఎస్పీఓలని (ప్రత్యేక పోలీసు అధికారులని) పేరు పెట్టి, తుపాకులిచ్చి సొంత ఊళ్ల మీదికే పంపారు. నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆయుధాలు వెనక్కి తీసుకోమంది. ధర్మాసనంలో ఒకరు మన తెలుగాయన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, మరొకరు జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు దళం పేరిట చట్టం చేసి ఆ కుర్రాళ్లను అందులో చేర్చుకుంది. దానిపై వేసిన కోర్టు ధిక్కార పిటిషన్‌ను, చట్టసభ చట్టం చేయడం ధిక్కారం కాదంటూ 2025 మేలో సుప్రీంకోర్టు ముగించింది. బాధిత ప్రాంతంలో శాంతి, పునరావాసం మాత్రం ప్రభుత్వాల బాధ్యతేనంది.

చట్టసభ అధికారాన్ని నేను కాదనను. నన్ను పట్టి ఆపింది "తీర్పు" అనే మన మాటే. అప్పు తీరుస్తాం, దాహం తీరుస్తాం, తగవు తీరుస్తాం. తీర్పు ఆ తీర్చడంలోంచే పుట్టింది. దాహం తీరిందో లేదో తాగినవాడే చెప్పాలి. ఊరు కాలి, గోదావరి పక్క అడవిలో ఇరవై ఏళ్లుగా పరాయివాడిగా బతికే మనిషి "తీరింది" అననంతకాలం ఆ కేసు ముగిసిందని నేను అనుకోలేను.

అలాగని 2011 నాటి ఆ తీర్పు వట్టి కాగితం అనను. పేదవాడి బిడ్డ చేతికి తుపాకీ ఇచ్చి అతన్నే కవచం చేసుకునే హక్కు రాజ్యానికి లేదని అది రాసి పెట్టింది. రేపు ఎవరైనా దాన్ని పట్టుకుని నిలబడొచ్చు. నిలబడాలంటే ముందు అది తెలియాలి కదా. తీసేసే ఉత్తర్వు గుడిసె గుమ్మందాకా నడిచి వస్తుంది, కాపాడే ఉత్తర్వు ఢిల్లీలోనే ఉండిపోతుంది. నాకు బాధ కలిగించేది ఈ తేడానే.

వకీళ్లకూ, కోయభాష వచ్చిన టీచర్లకూ నాదొక మనవి. ఆ తీర్పును గోండీలో, దోర్లీలో చెప్పండి. చర్ల సంతలో, భోపాలపట్నం సంతలో చదివి వినిపించండి.