గంటసేపు వినపడను

మా తమ్ముడు కిందటి నెల్లో ఒక ఆదివారం పూట రెండు అట్టపెట్టెలు పట్టుకొచ్చి, మా భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ పక్కన పెట్టాడు. "అక్కా, రిటైరయ్యావు కదా, ఇక తీరిగ్గా పాటలు వింటానన్నావు కదా. ఈ రెండూ పది రోజులు పెట్టుకుని విను. ఏది బాగుంటే అది ఉంచుకో, రెండోది నేను పట్టుకుపోతాను" అన్నాడు.

హెడ్‌ఫోన్లన్న మాట. చెవుల్లో దూర్చుకునే రకం కాదు, తల మీదుగా ఒక కమ్మీ, రెండు చెవుల మీదా రెండు బోర్లించిన గిన్నెలూ ఉండేవి. రెండూ జర్మన్ పేర్లే. ఒకటి సెన్‌హైజర్ వారి హెచ్.డి. 600. ఇది 1997లో వచ్చిందట, ఇన్నేళ్ళయినా సంగీతం పిచ్చివాళ్ళు దాన్ని వదల్లేదట. రెండోది బేయర్‌డైనమిక్ వారి డి.టి. 1770 ప్రో. ఖరీదు అడగొద్దన్నాడు. అడిగాను. రెంటిలో చవకదే, మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకి నేను పది నెలలపాటు ఇచ్చే జీతం! ఈ లెక్క వేయమని నన్నెవరూ అడగలేదు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసిన బుద్ధి కదా, దానంతటది వేసేసింది. చీటీ డబ్బుంది, నేనే ఇచ్చుకుంటానని వాడితో చెప్పాను గానీ, పొద్దున్నే ఆమె వచ్చేసరికి ఆ పెట్టెలు తీసి బీరువాలో పెట్టాను. ఎందుకు పెట్టానో మీకు తెలుసు, నాకూ తెలుసు.

సరే, రెంటికీ తేడా ఏమిటంటే: సెన్‌హైజర్ గిన్నెల వెనక జాలీ ఉంది, మన పిండి జల్లెడ లాగా. లోపల పల్చటి పొర కదిలితే శబ్దం పుడుతుంది. అది చెవివైపు ఎంత వస్తుందో వెనక జాలీలోంచి బయటికీ అంత పోతుంది. బయటి చప్పుడు కూడా దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. ఇలా వెనక తెరిచి ఉంచే పద్ధతి 1968లో వీళ్ళే హెచ్.డి. 414 అనే దానితో మొదలెట్టారు. రెండోదానికి వెనక గట్టి మూత. లోపలిది లోపలే, బయటిది బయటే. ఒకటి వరండా అయితే రెండోది తలుపు గడియ వేసిన గది అనుకోండి.

ముందు వరండాలో కూర్చున్నాను. ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టాను. ఏమని చెప్పను! తీగ మీద వేలు జారే చిన్న రాపిడి కూడా వినిపించింది. వీణ నా తలలో కాకుండా, ఎదురుగా చాప మీద ఉన్నట్టుంది. ఆయన 1987లోనే పోయారు. నాకు మాత్రం ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చినట్టే అనిపించింది. మా అత్తయ్య పక్కన కుర్చీలో కూర్చుని, "ఎక్కడో దోమ పాడుతున్నట్టుందేమిటే అమ్మాయ్? ఏ రాగం?" అన్నారు. జాలీలోంచి కారిన సంగీతం ఆవిడకి అందుతోందన్న మాట. మర్నాడు కుర్చీ జానెడు దగ్గరికి జరిగింది. మూడోనాడు ఇంకో జానెడు.

కానీ మేముండేది అశోక్‌నగర్. కోచింగ్ సెంటర్లూ, హాస్టళ్ళూ, జిరాక్సు కొట్లూ, వాటి మధ్య స్కూటర్లూ. 2023లో ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా ఉక్కు వంతెన వేశారు గానీ, మా సందు మోత సందుదే. జాలీలోంచి హారన్లు రాగానే నేను సౌండు పెంచడం, మళ్ళీ వస్తే మళ్ళీ పెంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఎనభై డెసిబెల్స్ అయితే వారానికి నలభై గంటలే వినమంటారు, ఆపైన శబ్దం పెరిగేకొద్దీ గంటలు చకచకా తరిగిపోతాయి. ఈ వయసులో ఉన్న చెవులు కాస్తా పోగొట్టుకోవడం దేనికని నాలుగోనాడు మూత ఉన్నది తీశాను.

చెరువులో మునిగితే చూడండి, అలా ఉంది. ఫ్యాను లేదు, సందు లేదు, అశోక్‌నగరే లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డు పెట్టాను. ఆ పాత గరగరలోంచే కమాను దిశ మారడం వినపడింది. కళ్ళు మూసుకున్నాను. ఓ పావుగంట గడిచిందో లేదో, ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు లాగేశాను. అత్తయ్య పిలిచినట్టయింది. వెళ్ళి చూస్తే ఆవిడ హాయిగా నిద్రపోతున్నారు. మర్నాడు కుక్కరు కూత విన్నాననుకుని లేచాను. పొయ్యి మీద కుక్కరే లేదు! ఆ రెండు రోజుల్లో నాలుగుసార్లు లేచాను. నాలుగుసార్లూ ఎవరూ పిలవలేదు.

అప్పుడు పట్టుకుందండీ నాకు సందేహం. నాకు జాలీది నచ్చింది సంగీతానికా, కాలింగ్ బెల్లుకా? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ చెవులు నా ఒక్కదానివేం కావు. పాలు పొంగే చప్పుడు, పిల్లాడి దగ్గు, గ్యాసు కుర్రాడి కేక, మామగారు చేతికర్ర వెతుక్కునే తడుములాట, అన్నిటికీ నిద్రలో కూడా ఒక చెవి కాపలా ఉండేది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మాకు నడిచి వెళ్ళే దూరం. ఎన్ని కచేరీలకు వెళ్ళానో! మంగళం దాకా కూర్చున్నవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. తని ఆవర్తనం మొదలయ్యేసరికి చెప్పులు వెతుక్కునేదాన్ని, రాత్రి వంటకి. మృదంగ విద్వాంసులు నన్ను క్షమించాలి.

ఇంట్లో ఎనభై ఆరేళ్ళ పెద్దావిడ ఉండగా, గంటసేపు ఎవరు పిలిచినా వినపడకుండా ఉండటం ధర్మమేనా? ఈ ప్రశ్న వేసుకుంటూనే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పుస్తకం మార్చుకోవడానికి వెళ్ళాను. అక్కడ ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలతో మెట్లు కూడా ఖాళీ ఉండవు. ఒకమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని చదువుతోంది. తీగ రెండో కొస చూద్దును కదా, ఫోనుకే లేదు, ఊరికే వేలాడుతోంది. నవ్వొచ్చి అడిగాను. "పాట ఏం లేదాంటీ. గివి పెట్టుకుంటే ఎవ్వరు పలకరియ్యరు, గందుకే" అంది. ఆ పిల్లకి అది తలుపు. పదిమంది ఉండే హాస్టలు గదిలోంచి వచ్చిన పిల్ల, రెండు రబ్బరు ముక్కలతో ఒక గది కట్టుకుంది. ఆ పిల్లని స్వార్థపరురాలని ఎవరంటారు? ఉద్యోగం కోసం చెవులు మూసుకుంటే శ్రద్ధ అంటాం. ద్వారం వారి కోసం మూసుకుంటే ఏమంటామో మరి.

ఈ గొడవ నాకొక్కదానికే కాదులెండి. 1979లో సోనీ కంపెనీ వాక్‌మన్ తెచ్చినప్పుడు, ఆ కంపెనీ పెద్ద అకియో మొరీటా దాన్ని ఇంటికి తీసుకెళ్ళి వింటూ కూర్చుంటే, ఆయన భార్యకు చిరాకేసిందట, తనని బయట ఉంచి తలుపేసుకున్నట్టుందని. అందుకని మొదటి వాక్‌మన్‌లో ఇద్దరు వినేలా రెండు కన్నాలు పెట్టించారు. మధ్యలో మాట్లాడుకోవడానికి ఓ మీట కూడా. తీరా కొన్నవాళ్ళు చూస్తే ఎవరిది వారిదే అనుకున్నారు. ఆ మీట తరవాత్తరవాత మాయమైంది. ఆ ఇంట్లో విన్నది భర్త, చిరాకు పడింది భార్య. తారుమారైతే ఏమయ్యేదో ఆ కథలో లేదు.

మా ఇంట్లో ఏమయిందో చెబుతాను. ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగున్నర. మూతదే పెట్టుకున్నాను. ఆవేళ ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. కచేరీ మంగళం దాకా విన్నాను. తీసి లేచి హాల్లోకి అడుగు పెడితే కాలికి తడి. వంటింటి నుంచి అత్తయ్య గది దాకా నీళ్ళు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. గుండె జారిపోయింది. వెళ్ళి చూస్తే ఆవిడ మంచం మీద కూర్చుని, సగం ఖాళీ అయిన గ్లాసుతో మాత్ర మింగుతున్నారు.

"పిలిచారా అత్తయ్యా?"

"నాలుగుసార్లు పిలిచానమ్మాయ్. నీకు వినపడలేదు. నేనే వెళ్ళి తెచ్చుకున్నాను" అన్నారు. కోపం లేదు. నిజం చెప్పాలంటే, ఆ మొహంలో కాస్త గర్వం కనపడింది. నేను తువ్వాలు తెచ్చి నేల తుడుస్తుంటే చేతులు వణికాయి. ఆ తడి మీద జారి ఉంటే?

తుడుస్తూ తలెత్తి చూశాను. మా వారు. హాల్లో పడక కుర్చీలో, అత్తయ్య గది గుమ్మానికి పదడుగుల దూరంలో పేపరు పట్టుకుని ఉన్నారు. చెవులకి ఏ జర్మన్ గిన్నెలూ లేవు.

"మీకు వినపడలేదా?" అన్నాను.

"వినపడింది. నిన్ను కదా పిలుస్తోంది?" అన్నారు.

వెటకారం కాదండీ, పాపం, మనిషి నిజంగానే అలా అనుకున్నారు. తల్లి మీద ప్రేమ లేదా అంటే ప్రాణం పెడతారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ ఆయనే, పింఛను కాగితాలు చూసేదీ ఆయనే. కానీ మంచినీళ్ళకి ఈ ఇంట్లో ఒకే పేరుంది. అత్తయ్య నోటికి ఆ పేరే వస్తుంది. నలభై ఏళ్ళుగా ఆ పేరు పలకడం పూర్తికాకుండానే నేను గుమ్మంలో ఉండేదాన్ని. ఇంకొకరిని పిలవాల్సిన అవసరం నేనెవరికీ రానిస్తే కదా!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు హెడ్‌ఫోన్లూ తమ్ముడికి ఇచ్చేద్దామా అనుకున్నాను, అది సులువు. జాలీది ఉంచుకుందామా అనుకున్నాను, అది ఇంకా సులువు. అందరికీ బాగుంటుంది. సంగీతమూ బాగుంటుంది, అదే చిక్కు. అలా చేస్తే గడియ ఉన్న గది నాకు పనికిరాదని ఒప్పుకున్నట్టే. పనికిరాదా మరి? ఆవిడ కింద పడి ఉంటే ఈ ప్రశ్నే వేసుకునేదాన్ని కాదు, అదీ నిజమే.

పొద్దున్న కాఫీల దగ్గర, అత్తయ్య వినేలా చెప్పాను. "ఏమండీ, రోజూ నాలుగు నుంచి అయిదు దాకా నాకు వినపడదు. అత్తయ్యకేం కావాలన్నా మిమ్మల్ని పిలుస్తారు." ఆయన నన్నూ, వాళ్ళమ్మనూ మార్చి మార్చి చూశారు. అత్తయ్య, "వాడికేం తెలుస్తుందే!" అన్నారు. "నేర్చుకుంటారు లెండి. నాకూ పెళ్ళయిన కొత్తల్లో ఏమీ తెలియదుగా" అన్నాను. గదిలో ఫ్లాస్కు పెట్టాను. నారాయణగూడ వెళ్ళి, జారకుండా అడుగున రబ్బరున్న పట్టాలు కొనుక్కొచ్చి దారి పొడుగునా వేశాను.

తమ్ముడికి ఫోన్ చేసి మూతదే ఉంచుకుంటున్నానన్నాను. "అదేమిటక్కా! చెవి తెలిసినవాళ్ళెవరైనా వీణకి జాలీదే ఎన్నుకుంటారు" అన్నాడు. వాడన్నది నిజం. ఈమని వారిని ఆ జాలీలో విన్నట్టు ఈ మూతలో వినలేను, వీణ మళ్ళీ నా తలలోకి వచ్చి కూర్చుంది. అత్తయ్య కుర్చీ కూడా పాత చోటికి జరిగిపోయింది. "నీ దోమ పాడటం మానేసిందేమే?" అని ఒకనాడు అడిగారు. ఏం చెప్పను? పొద్దుటి పూట ఫోన్లో పైకే పెడుతున్నాను ఆవిడ కోసం. కానీ అది ఇదీ ఒకటి కాదని ఆవిడకీ తెలుసు.

నిన్న నాలుగుంబావుకి కళ్ళు తెరిచాను. ఏమీ వినపడలేదు, కనపడింది. అత్తయ్య గదివైపు నుంచి ఏదో అని ఉంటారు, మా వారు పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, లేచారు. వంటింట్లోకి వెళ్ళారు. ఏ గ్లాసు ఎక్కడుందో తెలియక కాసేపు నిలబడ్డారు. నా వైపు తిరిగారు. నేను కళ్ళు మూసుకున్నాను.

తరవాత అత్తయ్యని అడిగాను, నీళ్ళు ఇచ్చారా అని. ఇచ్చాడు గానీ మరీ మరగకాచాడు అన్నారు. అని, "ఇంతకీ ఇవాళ ఏం విన్నావు? కాస్త అనమ్మాయ్" అన్నారు. నా గొంతు సంగతి ఆవిడకి తెలియనిది కాదు. అయినా అన్నాను.