నోరు కట్టుకున్నవాడి గర్వం

ఎవరికైనా షుగర్ వచ్చిందని తెలిస్తే నాలో మొదట కదిలేది జాలి కాదు, లెక్క. ఆ మనిషి ఏం తింటాడు, ఎంత నడుస్తాడు, పొట్ట ఎంత ఉంది, పెళ్ళి భోజనంలో స్వీటు ఎన్నిసార్లు వడ్డించుకుంటాడు. లెక్క తేలగానే లోపలెక్కడో హాయిగా ఉంటుంది. అతను నోరు కట్టుకోలేదు కాబట్టి వచ్చింది, నేను కట్టుకున్నాను కాబట్టి నాకు రాదు. జాలి ఆ తర్వాత వస్తుంది. అదీ ఒక మెట్టు పైన నిలబడి చూసే జాలి. నా మనసు ఇలా పనిచేస్తుందని చాలాకాలంగా తెలుసు. ఒప్పుకోవడానికే ఇష్టపడలేదు.

రాత్రిపూట అన్నం మానేశాను. తెల్లవారుజామున నడుస్తాను. కాఫీలో చక్కెర వేసుకోను. ఇవి మంచి అలవాట్లే, ఇప్పటికీ వదల్లేదు. అయితే వాటిని ఇన్నేళ్ళు నిలబెట్టింది ఒంటి మీద శ్రద్ధ ఒక్కటేనా అని అడిగితే, కాదనే చెప్పాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు లడ్డూ వద్దని చెయ్యి అడ్డం పెట్టే క్షణం నాకు చాలా ఇష్టం. ఒక్కణ్ణే ఉన్నప్పుడు అదే నిగ్రహం చప్పగా ఉండేది.

అలాంటి నాకు మామూలుగా చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కు ముందుదశ అంటారు, 6.5కు చేరితే షుగరే. ఆ పరీక్షను ఏమార్చడం కుదరదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ రక్తంలో తిరిగే గ్లూకోజు కణంలోని హిమోగ్లోబిన్‌కు కొద్దికొద్దిగా అంటుకుంటూనే ఉంటుంది. ముందురోజు ఉపవాసం ఉన్నా గడిచిన రెండు మూడు నెలల చరిత్ర చెరగదు. కాగితం చూశాక భయం వేయాల్సింది. నాకు కోపం వచ్చింది, ఎవరో నాకిచ్చిన మాట తప్పినట్టు.

ఆ మాట ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. నా అంతట నేనే ఇప్పించుకున్నాను. ఆరోగ్యం కోసం నడుస్తున్నాననుకున్నాను గానీ, నడిచినందుకు నాకు ఏదో చెల్లించాలని లోలోపల నమ్మాను. పక్కవాడికి జబ్బు వచ్చినప్పుడల్లా ఆ నమ్మకం ఇంకాస్త బలపడింది. ఇతరుల జబ్బులు నాకు అలా అక్కరకొచ్చాయి. ఇలా రాయడం కష్టంగానే ఉంది.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. తెలుసుకోవడానికి అని చెప్పుకున్నాను, నిజానికి నా తప్పేమీ లేదన్న రుజువు కోసం వెతికాను. దొరికింది కూడా. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు పరిశోధకులు తమ ఇద్దరి ఫొటో వేసి, ఒంటి కొలతలు ప్రచురించారు. ఒకరు పుణెలోని చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌లోని జాన్ యుడ్కిన్. ఎత్తుకూ బరువుకూ ఉన్న నిష్పత్తి, అంటే బీఎంఐ, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నగా కనిపించే మనవాళ్ళలో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండవచ్చు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజులో చాలా భాగాన్ని తీసుకోవలసింది కండరాలే. అవి ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే క్లోమంలోని బీటా కణాలు మరింత ఇన్సులిన్ తయారుచేస్తాయి. ఏళ్ళ తరబడి ఆ భారం మోస్తాయి, మనకు ఏమీ తెలియనివ్వవు. మోయలేని రోజు వచ్చాకే షుగర్ బయటపడుతుంది. ఎవరి కణాలు ఎంతకాలం తట్టుకుంటాయన్నదాంట్లో వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉంది.

చదివి ఊపిరి పీల్చుకున్నాను. నాదేం లేదు, మన ఒళ్ళే అంత, మన రక్తమే అంత. అక్కడే ఒక ఆలోచన కాళ్ళకు అడ్డం పడింది. ఇంత తేలిగ్గా నాకు నేను ఇచ్చుకున్న ఈ మినహాయింపు, నాన్నకు ఎందుకు ఇవ్వలేదు?

నాన్నకు చాలాకాలం షుగర్ ఉండేది. పరగడుపున చూస్తే ఎక్కువ వచ్చేది. "రాత్రి రెండు పుల్కాలే కదరా తిన్నాను" అనేవాడు. నేను బదులు చెప్పకుండా వంటింట్లో డబ్బాల వైపు చూసేవాణ్ణి. ఆ చూపు ఆయనకు అర్థమయ్యేది. కాలేయం గురించి అప్పట్లో నాకేమీ తెలియదు. మనం తినకపోయినా, నిద్రపోతున్నా, మెదడు ఆగకుండా పనిచేయడానికి కాలేయం రాత్రంతా రక్తంలోకి గ్లూకోజు వదులుతుంది. దాన్ని హద్దులో పెట్టేది ఇన్సులిన్. షుగర్ ఉన్నవాళ్ళలో ఆ అదుపు సడలుతుంది. పైగా తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరిగి కాలేయాన్ని ఇంకా తొందరపెడతాయి. ఖాళీ కడుపుతో పడుకున్న మనిషికి కూడా పొద్దున్నే ఎక్కువ రీడింగు రావచ్చు.

ఆయన చాటుగా ఏమీ తినలేదని నేననడం లేదు. తిన్నాడో లేదో నాకు తెలియదు. నమ్మకపోవడానికి మాత్రం నాకు ఆధారంతో పని లేకపోయింది. ఆయన అబద్ధమాడుతూ ఉండటమే నాకు కావలసింది. నిజమే చెబుతున్నాడంటే, నోరు కట్టుకున్నా ఈ జబ్బు వదలదని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకుంటే నా భరోసా ఏమవుతుంది? డాక్టరు మందు పెంచిన ప్రతిసారీ అది నాకు నాన్న ఓటమిగా కనిపించింది. బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి, కొత్తగా షుగర్ బయటపడిన 5,102 మందిని గమనిస్తూ ఇరవై ఏళ్ళు సాగిన అధ్యయనం వేరే సంగతి చెప్పింది. జబ్బు బయటపడే నాటికే బీటా కణాల సామర్థ్యం సగం దాకా పోయి ఉంటుంది. ఆ తర్వాతా తగ్గుతూనే పోతుంది. ఒకే మందుతో లక్ష్యంలో ఉండగలిగినవాళ్ళు తొమ్మిదేళ్ళకు నలుగురిలో ఒక్కరే. మందు పెంచాల్సి రావడం చాలావరకు ఆ జబ్బు నడిచే దారి. దాన్ని నేను నాన్న స్వభావం కింద జమకట్టాను.

మరయితే తిండీ నడకా దండగేనా? ఈ ప్రశ్న నా బద్ధకం అడిగింది, చాలా ఆశగా. చెన్నైలో రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో మూడేళ్ళకు నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, వ్యాయామం దగ్గరుండి మార్పించినవాళ్ళలో నూటికి 39 మందికి. ఈ రెండు అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తేడా చిన్నది కాదు, నూటికి పదహారు మంది. వాళ్ళను చూస్తే చెప్పులేసుకుని నడకకు బయల్దేరాలి. కానీ ఆ 39 మంది? వాళ్ళూ నడిచారు, వాళ్ళూ పళ్ళెంలో అన్నం తగ్గించారు. నా గర్వం ఆ 39 మందిని చూడకుండా బతికింది. బద్ధకం పుట్టినప్పుడు మాత్రం వాళ్ళనొక్కళ్ళనే చూడాలనిపిస్తుంది. ఆ పదహారు మందినీ ఈ 39 మందినీ ఒకేసారి కళ్ళ ముందు పెట్టుకోవడం నాకింకా అలవాటు కాలేదు.

కావాలంటే మెట్‌ఫార్మిన్ మొదలుపెడదామని డాక్టరు అన్నారు. 1957 నుంచి షుగర్‌కు వాడుతున్న పాత మందు, చవక మందు. ముఖ్యంగా కాలేయం వదిలే గ్లూకోజునే తగ్గిస్తుంది. కొన్నాళ్ళు చూద్దామన్నాను. బిళ్ళలు వేసుకుంటే కిడ్నీలు పోతాయని అందరూ అనే మాటే నేనూ అన్నాను. కిడ్నీల్లోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసేది అదుపు తప్పిన షుగరేనని అప్పటికే చదివాను. తెలిసీ ఎందుకన్నాను? "నాకు ఏ మందులూ లేవు" అన్న వాక్యం నాకు ప్రాణం. ఆ వాక్యం చెప్పే వీలు పోతుందని వద్దన్నాను. బిళ్ళతో నాకు ఏ పేచీ లేదు.

నా 6.1 సంగతి అక్కకు చాలా రోజులు చెప్పలేదు. ఆమెకు నలభై దాటకముందే షుగర్ వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా ఏం తిన్నావు, నడిచావా అని నేనే అడిగేవాణ్ణి. చెప్పకపోవడానికి కారణం సిగ్గనుకున్నాను, ఆమె కంగారుపడుతుందనీ అనుకున్నాను. రెండూ కొంత నిజమే. అంతకన్నా నిజమైనది, ఇక మీదట అలా అడిగే హక్కు పోతుందన్న బెంగ. ఆ ప్రశ్నల్లో ప్రేమ లేదని అనలేను. ప్రేమ ఎంత, పైచేయి ఎంత అని విడదీసి చూపించమంటే మాత్రం నా వల్ల కాదు.

చివరికి చెప్పాను. "నీకూ వచ్చిందా నాన్న పోలిక" అంది. పరగడుపున ఎంత ఉంది, తిన్నాక ఎంత ఉంది అని అడిగింది. బిళ్ళ ఇస్తామంటే వేసుకో, భోజనంతో పాటు వేసుకుంటే కడుపులో తిప్పదు అని చెప్పింది. ఆమె గొంతులో ఎక్కడైనా చిన్న గెలుపు వినిపిస్తుందేమోనని ఆ మాట్లాడినంతసేపూ వెతుకుతూనే ఉన్నాను. ఆమె స్థానంలో నేనుంటే అది తప్పకుండా వినిపించేది.